గిటారు మీద మాయామాళవగౌళ

మా పాపకు ఎనిమిదో నెల నడుస్తుండగా నాకొక అనుమానం పట్టుకుంది. పిల్లకు చెవులు వినపడడం లేదేమోనని.

ముత్తుకూరులో మా ఇంటి ముందు గదిలో నేను పిల్లలకు వయొలిన్ నేర్పిస్తుంటాను. ఒక మధ్యాహ్నం పాఠాలేవీ లేవు. పాప చాప మీద కూర్చుని ప్లాస్టిక్ గిన్నెతో ఆడుకుంటోంది. నేను దాని వెనక కూర్చుని సరళీ స్వరాలు వాయించాను. తల తిప్పలేదు. కాస్త దగ్గరికి జరిగి వాయించాను. ఊహూఁ. పక్కింటావిడ కిటికీలోంచి తొంగిచూసింది గానీ, నా కడుపున పుట్టిన పిల్ల మాత్రం గిన్నె అంచు నాకుతూ కూర్చుంది.

కర్ణాటక సంగీతంలో ఎవరికైనా మొదటి పాఠం సరళీ స్వరాలే. మాయామాళవగౌళ రాగంలో ఏడు స్వరాలూ ఎక్కాలి, దిగాలి. మొదటి కాలంలో మెల్లగా, రెండో కాలంలో దానికి రెట్టింపు వేగం, మూడో కాలంలో దానికీ రెట్టింపు. కచేరీల్లో ఎన్ని పెద్ద రాగాలు విన్నా నాకు ఈ మొదటి రాగమే ఇష్టం. పొద్దున్నే వాకిట్లో నీళ్లు చల్లినప్పుడు వచ్చే వాసనలాంటిదేదో ఇందులో ఉంటుంది. అలాంటి రాగానికి నా కూతురు పలకలేదు.

పుట్టినప్పుడు చేసిన చెవి పరీక్ష బాగానే వచ్చింది. కానీ ఆ తర్వాత కూడా వినికిడి తగ్గే అవకాశం ఉందని ఫోన్లో చదివాను. చదవకుండా ఉండాల్సింది. వంటింట్లో స్టీలు పళ్లెం కావాలని కింద పడేశాను. పాప ఉలిక్కిపడింది.

"అదిగో, వినపడలా?" అంది అత్త.

"నేల అదిరింది గదత్తా. ఆ అదురుకు ఉలిక్కిపడి ఉంటుంది."

"ఏందమ్మే, బంగారంలాంటి పిల్లకు చెవుడు అంటగడతాండావు? నువ్వు పుట్టినప్పుడు మీ నాయన గూడా ఇంతే. బిడ్డ గట్టిగా ఏడవలేదని మా ప్రాణాలు తీసినాడు. ఇప్పుడు చూడు, నీ నోరు మూయించేదానికి ఎవరివల్లా కాదు."

మా అత్త నాకు సొంత మేనత్త. అందుకే ఆ చనువు. ఆమె కొడుకునే, అంటే మా బావనే, చేసుకున్నాను. బావ పోర్టులో క్రేన్లు చూసే ఇంజనీరు. చెన్నైలో చదివేటప్పుడు హాస్టల్లో పట్టుకున్న హెవీ మెటల్ పిచ్చి ఇంకా వదల్లేదు. గిటార్లు రంపాల్లా కోస్తుంటాయి, డ్రమ్ములు వాన పడ్డట్టు మోగుతుంటాయి, మధ్యలో ఒకాయన గొంతు చించుకుంటుంటాడు.

"అది పాటా బావా, ఓడలోంచి బొగ్గు దించే చప్పుడా?" అని పెళ్లైన కొత్తలో అడిగాను.

"మీ వయొలిన్ వాళ్ల మనవడే ఇది" అన్నాడు. నమ్మకపోతే, యూరప్‌లో ఎప్పుడో రాసిన వయొలిన్ సంగీతం ఒక ముక్క వినిపించి, వెంటనే ఒక గిటారు ముక్క వినిపించాడు. అదే పరుగు, అవే మెట్లు. రెండూ విని నేను అప్రయత్నంగా "కీరవాణి" అన్నాను. అంటే, మనం కీరవాణి అనే రాగంలో పలికే స్వరాలే.

"చూసినావా! పాత సంగీతాన్ని మా వాళ్లు ఇంత బాగా నేర్చుకున్నారు."

"నేర్చుకోలేదు, ఎత్తుకుపోయారు."

ఆ తగువు అప్పట్నుంచీ నడుస్తూనే ఉంది.

ఇప్పుడు పాప దగ్గరికి వస్తాను. ఆ ఆదివారం బావ స్పీకరు నేలమీద పెట్టి తన మెటల్ పాట వేశాడు. పాప గిన్నె వదిలేసి గిర్రున తిరిగింది. రెండు చేతులతో చాపను కొడుతూ కిలకిలా నవ్వింది.

"వినపడింది! నా కూతురబ్బా ఇది!" అని బావ ఎగిరాడు.

"స్పీకరు నేలమీద ఉంది. అదురు" అన్నాను.

స్పీకరు మంచం మీద, దిండు మీద పెట్టాడు. పాప మళ్లీ తిరిగింది.

"ఆ డ్రమ్ములకు గాలి కూడా అదురుతుంది బావా."

బావ తల పట్టుకున్నాడు. అయినా నెల్లూరులో చెవుల డాక్టరు దగ్గర గురువారానికి అపాయింట్‌మెంటు తీసుకున్నది తనే. గురువారం దాకా ఎలా ఉండాలో నాకు తెలియలేదు.

మర్నాడు సాయంత్రం ఒక ఆలోచన వచ్చింది. పాపకు నచ్చిన ఆ ముక్కనే డ్రమ్ములు లేకుండా, అదురు లేకుండా వినిపిస్తే? వయొలిన్ ఉండనే ఉంది.

"బావా, నిన్న పాపకు వేసిన పాటలో ఆ గిటారు ముక్క మళ్లీ పెట్టు."

"నువ్వేనా అడిగేది? జ్వరమేమన్నా వచ్చిందా?"

స్వరాలు పట్టుకుందామని కళ్లు మూసుకుని విన్నాను. షడ్జమాన్ని ఆనుకునే రిషభం, అక్కడినుంచి ఎగిరి గాంధారం, దాని పక్కనే మధ్యమం. ఇంకోసారి విన్నాను. నవ్వొచ్చింది.

"బావా, ఇది మాయామాళవగౌళ. మా పిల్లల మొదటి పాఠం. మూడో కాలంలో వాయిస్తున్నారు, అంతే."

"అంటే ఇన్నేళ్లూ నేను ఒకటో తరగతి పాఠానికి తల ఊపినానా?"

వాళ్లు మన దగ్గరే నేర్చుకున్నారని నేననను. ఆ స్వరాలు ఏ దేశాలు తిరిగి ఆ గిటారు మీదికి చేరాయో నాకు తెలీదు. అప్పుడు నాకు కావలసిందీ అది కాదు.

అత్త పాపను ఒళ్లో పెట్టుకుని పెరటి గుమ్మంలో కూర్చుంది. నేను వెనక గదిలో నిలబడ్డాను. ఉప్పుగాలికి తుప్పు పడుతున్న తీగెల మీద కమానును గట్టిగా నొక్కి, గరగరలాడేట్టు మూడో కాలంలో వాయించాను. మా గురువుగారు వింటే నా చేతిలోంచి కమాను లాక్కునేవారు.

పాప గిర్రున తల తిప్పింది. నోరు తెరిచి నావైపే చూసింది.

అవే స్వరాలు మెల్లగా, తియ్యగా వాయించాను. పాప అటు తిరిగి అత్త గాజులు లాగడం మొదలుపెట్టింది. మళ్లీ గరగర. మళ్లీ తిరిగింది.

"దానికి వినపడకేమమ్మే!" అంది అత్త. "కడుపులో పడ్డప్పట్నించీ పొద్దస్తమానం నీ సరిగమలే గదా. నాకే విసుగు, బిడ్డకు రాదా?"

కడుపుతో ఉండగా తొమ్మిదో నెల దాకా పాఠాలు చెప్పిన మాట నిజమే. ఆ సరళీ స్వరాలు పాపకు తిరిగే ఫ్యాను చప్పుడుతో సమానం. నేను కమాను పక్కన పెట్టి, పాపను ఎత్తుకుని, ఏడ్చాను.

అయినా గురువారం వెళ్లాం. నా సంగతి నాకు తెలుసు, డాక్టరు చెబితే తప్ప నిద్ర పట్టదు. రెండు చెవులూ చక్కగా ఉన్నాయన్నాడు. తిరుగు దారిలో బావ సంతోషం పట్టలేక కారులో మెటల్ పెట్టి సౌండు పెంచాడు. పాప కాళ్లు తపతపా ఆడించింది. నేను చెయ్యి చాచి తగ్గించాను.

"చెవులు బాగున్నాయని చెప్పినాడు గదా డాక్టరు!"

"అందుకే తగ్గిస్తున్నా. బాగున్న చెవుల్ని పాడు చేస్తావా? పెద్ద చప్పుడుకు పసిపిల్లల వినికిడి దెబ్బ తింటుందని చదివాను."

"వినపడలేదని ఒక ఏడుపు, వినపడిందని ఒక ఏడుపు" అంది అత్త వెనక సీట్లోంచి.

ఈలోగా పాప పెదవి విరిచి రాగం అందుకుంది. పోర్టు లారీల వెనక కారు ఆగింది. నేను సౌండు ఒక్క గీత పెంచాను. ఒక్కటంటే ఒక్కటే.