అవ్వ ఒలిచిన చీనీకాయ

కాలు విరిగిన మా అవ్వ మదనపల్లె ఆసుపత్రిలో ఉన్నప్పటి సంగతి. కుప్పంలో ఇంజనీరుగా పనిచేసే నేను, ఆమె చేరిన నెలకు, ఒక ఆదివారం తొలిసారి ఫ్లాస్కు, మాత్రల డబ్బా, చీనీకాయలు తీసుకెళ్లాను. అవ్వ మొదటి కాయ ఒలిచి, వార్డు ఊడుస్తున్న రెడ్డెప్పను పిలిచింది.

"ఈడికి రాప్పా, తిను."

తాగి బజారులో గొడవ చేసినందుకు కోర్టు అతనికి జీతం లేని ఈ పనిని శిక్షగా వేసింది. అవ్వ కబుర్లన్నీ అతనే వింటాడట. నాకు ఒళ్లు మండింది.

"వాడు శిక్ష పడినోడవ్వా!" అని అరిచాను.

"తెలుసప్పా. జడ్జి చెప్పినాడని వాడు దినామూ వస్తాండాడు. నీకెవురు చెప్పల్ల?"

వార్డంతా నవ్వింది. రెడ్డెప్ప మాత్రం నవ్వకుండా తన చేతిలోని తొనల్లో సగం నాకిచ్చాడు.

ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే ప్రతి వారం, దారిలో రెడ్డెప్పను పలకరించి, ఇంటికి చేరిన అవ్వ దగ్గరికి వెళ్తున్నాను. నన్ను చూడగానే ఆమె అడిగే మొదటి మాట, "రెడ్డెప్ప ఎట్లుండాడప్పా?"