తువ్వాలు కింద చెయ్యి

మా అంగడిలో చీర కొనేటప్పుడు ధర నోటితో చెప్పుకోం. చిక్కపేటలో ఇప్పుడు అందరూ ఫోనులోనే బేరాలు ముగించేస్తున్నారు గానీ, మా నాన్న ఎద్దుల సంతలో దళారీ చేసి వచ్చినవాడు. ఆ అలవాటు ఆయన వెంటే పట్టుచీరల అంగడిలోకి వచ్చింది. పరుపు మీద గిరాకీలు కూర్చుని ఉంటారు, నేతగాడు మాకిచ్చే అసలు ధర వాళ్ల చెవిన పడకూడదు. అందుకని ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పుకుంటాం. అమ్మేవాడు తన ధరకు తగినన్ని వేళ్లు నా చేతిలో పెడతాడు. తగ్గించాలంటే నేను ఒక వేలు వదిలేసి మిగతావి పట్టుకుంటాను. ఒప్పుకుంటే అన్నీ కలిపి నొక్కుతాను. పట్టుకోకుండా చెయ్యి వదులుగా పడేశానంటే మాత్రం నీ సరుకే నాకు అక్కర్లేదని అర్థం. మొహం మీద తలుపు వేసినంత మాట అది. మా నాన్న ఎవరినీ అట్లా పంపలేదు. నేనూ పంపలేదు, ఆ పొద్దు వరకు.

ధర్మవరం నుంచి మాకు చీరలు తెచ్చే పెద్దాయన ఒకడున్నాడు. నేను అన్నా అంటాను, ఆయన నన్ను అప్పా అంటాడు. మా నాన్న పాడె మోసినవాడు, మా కూతురి పెళ్లి చీర తన మగ్గం మీద నేసినవాడు. ఆ పొద్దు మూట విప్పి, ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుని తువ్వాలు కప్పాడు. వేళ్లు పెట్టాడని తువ్వాలు కదిలితే చూసి తెలుసుకున్నాను. నా చేతికి ఏమీ తెలియలేదు. నొక్కుదామనుకున్నాను, కుడిచెయ్యి పక్కవాడిదైనట్టు పడి ఉంది. ‘అన్నా’ అందామని నోరు తెరిస్తే మాట బయటికి రాలేదు. ఆయన ధర తగ్గించి మళ్లీ వేళ్లు పెట్టాడు. నా చెయ్యి అట్లాగే ఉంది.

‘‘సావుకారుకు మా సరుకు నచ్చలేదేమో’’ అన్నాడు. అప్పా అనలేదు. మూట కట్టుకుని మెట్లు దిగాడు.

ఆయన మెట్ల మీద ఉండగానే చేతిలో చీమలు పాకినట్టయి వేళ్లు కదిలాయి. నోరూ వచ్చింది. పిలిచి ఉండవచ్చు. కానీ పరుపు మీద ఆడవాళ్లు నావంకే చూస్తున్నారు. చిక్కపేటలో ఒకడి మూతి వంకర పోయిందంటే సాయంత్రానికల్లా బండ్లు లాగే హమాలీలకు కూడా తెలిసిపోతుంది. ‘‘ఏమండీ, ఆయన అట్ల లేసి పోయినాడు?’’ అని ఒకామె అడిగింది. ‘‘ఆయన నేత ఈ మధ్య పలచబడిందిలేమ్మా, జరీ కూడా నమ్మేట్టు లేదు’’ అన్నాను. పోయిన మాట తిరిగొచ్చి మొట్టమొదట అన్నది అది. రాకపోయినా బాగుండేది.

ఇంట్లో చెప్పలేదు. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. పైగా ఆ వారమంతా అందరి మీదా అరిచాను, కాఫీ చల్లారిందని, ఫ్యాను కిర్రుమంటోందని. కానీ జబ్బుకు మన పరువుతో పనేముంది? ఒక మధ్యాహ్నం సంగటి ముద్ద చేతిలోంచి జారి పంచె మీద పడింది. నా భార్య చూసింది.

‘‘అయ్యో, మూతి అట్ల పోతా ఉండాదే!’’ అని కేక పెట్టింది. మహదేవపురలో ఉండే మా అమ్మాయి ఆఫీసులోంచే కారేసుకుని వచ్చింది.

స్కానింగులో తేలింది. మెదడు ఎడమవైపు రక్తనాళం ఒకటి సన్నబడిపోయింది. రక్తం అందనప్పుడల్లా కుడిచెయ్యీ మాటా ఆగిపోతున్నాయి. ఇప్పుడు తిరిగొస్తున్నాయి, ఏదో ఒకసారి రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ‘‘ఇంతకు ముందు ఎప్పుడైనా ఇట్లా అయిందా?’’ అని అడిగాడు. పక్కనే భార్య, కూతురు. ‘‘లేదు, ఇదే మొదలు’’ అన్నాను. అంత సాఫీగా అబద్ధం ఆడగలనని నాకే తెలియదు.

మాత్రలిచ్చారు. మాత్రలు మింగుతుండగానే మళ్లీ చెయ్యి పడిపోయింది. ఇక లోపల స్టెంటు పెట్టాల్సిందే అన్నారు. తల కోస్తారేమోనని వణికిపోయాను. మా అమ్మాయి అర్థమయ్యేలా చెప్పింది. ‘‘కోసేది లేదు నాన్నా. లంగాకు బొందు ఎక్కిస్తారే, అట్ల గజ్జల దగ్గర నరంలో సన్న తీగె పెట్టి తలదాకా పోనిస్తారు. సన్నబడిన చోట చిన్న బెలూను ఉబ్బించి, జల్లెడ మాదిరి గొట్టం నిలబెట్టి వచ్చేస్తారు.’’

గజ్జలు అనగానే నాకు జబ్బు కంటే పెద్ద భయం పట్టుకుంది. పొద్దున వార్డు మనిషి వచ్చి, పంచె విప్పమని చెప్పి, బ్లేడుతో శుభ్రం చేస్తుంటే కళ్లు గట్టిగా మూసుకున్నాను. వెండి మొలతాడు తీసెయ్యమన్నాడు. పీనుగకే గదప్పా తీసేది అని గొణిగాను. వాడు నవ్వి, దాన్ని నా భార్య చేతికిచ్చాడు. ఆమె కొంగుకు ముడేసుకుంది. ఆమె మొహం చూడలేకపోయాను.

లోపల చలి. పూర్తి మత్తు ఇవ్వలేదు. కాస్త మగతగా ఉంటుంది, అడిగినప్పుడల్లా చెయ్యి నొక్కి చూపించాలి, దాన్నిబట్టే మెదడు క్షేమంగా ఉందని మాకు తెలుస్తుంది అన్నాడు డాక్టరు. ఒంటి నిండా పచ్చ గుడ్డ కప్పారు. తల కదలకుండా పట్టీ వేశారు. ఎంతసేపయిందో తెలియదు. గుడ్డ కిందికి ఒక చెయ్యి వచ్చి నా కుడిచేతిలో రెండు వేళ్లు పెట్టింది.

‘‘అప్పాజీ, గట్టియాగి హిడ్కొళ్ళి’’ అంది నర్సు. గట్టిగా పట్టుకోమని.

నాకు నర్సు కనబడలేదు. గుడ్డ కింద వేళ్లు, అంతే. పెద్దాయన మళ్లీ వచ్చాడనుకున్నాను. ప్రాణం లేచి వచ్చింది. ఈసారి ఊరికే వదలకూడదనుకుని, అలవాటు ప్రకారం ఒక వేలు వదిలేసి ఒకటి పట్టుకున్నాను. బేరం మొదలుపెట్టాను.

నర్సు గొంతు మారింది. ‘‘సార్, గ్రిప్ తగ్గింది!’’ అంది. డాక్టరు ఆగిపోయాడు. నా పేరు పెట్టి పిలిచి, రెండో వేలు ఎందుకు పట్టుకోలేదని గట్టిగా అడిగాడు.

‘‘ధర... కొంచెం తగ్గించమని’’ అన్నాను.

ఏం ధర అన్నాడు. మగతలోనే సంత, తువ్వాలు, వేళ్లు అన్నీ చెప్పుకొచ్చాను. అందరూ నవ్వారు, ఆ నవ్వులో ఊపిరి పీల్చుకున్న చప్పుడుంది. నాకు మాత్రం ఆ బల్ల మీద నుంచి మాయమైపోవాలనిపించింది. నర్సు రెండు వేళ్లూ మళ్లీ పెడితే ఆమె అబ్బా అనేలా నొక్కాను. ఆ ఊపులోనే, అంగడిలో మొదటిసారి చెయ్యి చచ్చుబడినప్పుడు పెద్దాయన లేచి వెళ్లిపోయాడని కూడా నోరు జారాను.

నాళం తెరుచుకుంది. చెయ్యి నిలబడింది. కానీ ఆ మాట డాక్టరు మా అమ్మాయికి చెప్పేశాడు. మంచం పక్కన కూర్చుని అది తిట్టలేదు. ‘‘ఆ పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పినావా నాన్నా?’’ అని మాత్రం అడిగింది. నేను గోడవైపు తిరిగాను.

డాక్టరు ప్రయాణం చెయ్యవచ్చన్నాక ధర్మవరం వెళ్లాను. పెద్దాయన మంచినీళ్లిచ్చాడు, కాఫీ తెప్పించాడు. మగ్గం పక్కనే చాప మీద కూర్చుని మొత్తం చెప్పాను. చెయ్యి ఎట్లా పడిందో, తలలోకి తీగె ఎట్లా పోయిందో. ఆయన కళ్లు తడిసినాయి.

‘‘ఇప్పుడు బాగుండాదా? మాత్రలు మరవద్దండి, సావుకారీ’’ అన్నాడు.

‘‘ఆ పొద్దు నేను నిన్ను వద్దనలేదన్నా. చెయ్యి రాలేదు.’’

‘‘చెయ్యి రాలేదంటే నమ్ముతాను. నాకు ముందే చెప్పింటే నేనే ఎత్తుకొని ఆస్పత్రికి పోయుందును’’ అన్నాడు. మగ్గం మీది పోగు ఒకటి సరిచేశాడు. ‘‘నేను మెట్ల మీదనే ఉంటిని. జరీ మాట అన్నప్పటికి మీకు నోరు వచ్చింది గదా.’’

ముందు నేసిన చీరలు నాలుగు గూట్లో కనబడ్డాయి. కొనేవాడు ముందుగా వేళ్లు పెట్టడం మా పద్ధతిలో లేదు. అయినా భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీదా కప్పి, నా అయిదు వేళ్లూ ఆయన చేతిలో పెట్టాను. ఏ ధరకైనా సరేనని.

ఆయన చెయ్యి వదులుగా పడి ఉంది. మళ్లీ నొక్కి చూశాను. వెచ్చగానే ఉంది. ఆ చేతికి ఏ జబ్బూ లేదు.