నీటిపురుగుల పాయ, ఒట్టు చీటీ

మెక్సికోలోని సోచిమిల్కో కాలువల్లో దొమితీలా ముప్ఫై ఏళ్లుగా నీటిపురుగులు పడుతోంది. ఆవగింజలో సగం ఉండవు. పొడుగాటి కర్రకు కట్టిన గుడ్డవలతో తోడి, గ్లాసులో పోసి ఎండకు పట్టి చూస్తుంది. ఎర్రగా ఎగిరెగిరి పడుతుంటే సరుకు మంచిదన్నమాట. రంగుచేపలు పెంచేవాళ్లు పిల్లచేపల మేతకని కొనుక్కుపోతారు. తక్కిన పాయలు ఎప్పుడో చచ్చాయి. ఇంటి వెనక ఈ ఒక్కటే ఆమెకు కూడు పెడుతోంది.

సెప్టెంబరులో ఒక పొద్దున ఒడ్డంతా తుప్పురంగు తెట్టె కట్టింది. ముట్టుకుంటే జిగట. అవి ఆమె పురుగులే. పక్కతోట ఎపిఫానియో బంతిపూలకు మందు కొట్టి, వీపున మోసే డబ్బాను ఆ నీళ్లలోనే కడిగాడు.

"పారే నీళ్లు వదినా, వాటంతటవే కడుక్కుంటాయి," అన్నాడతను. "పురుగుల మందు పురుగుల్ని చంపక పూజ చేస్తుందా?"

"నీ పూలమీది పురుగును చంపుకో. నాది నీ జోలికొచ్చిందా?"

అక్కడి తాగుబోతులు చర్చిలో మాత ముందు ఒట్టేసి, ఫలానా రోజుదాకా తాగబోమని చీటీ రాయించుకుంటారు. దొమితీలా ఎపిఫానియోను అక్కడికే లాక్కెళ్లింది. నవంబరులో చచ్చినవాళ్ల పండుగ దాకా కాలువలో డబ్బా కడగనని ఒట్టేశాడు. చీటీని భక్తిగా డబ్బాకే అంటించాడు.

మిగిలిన పురుగులు మెల్లగా పుంజుకున్నాయి. పదిహేనో రోజున మళ్లీ తెట్టె.

"నేను కడగలేదు," అన్నాడు ఎపిఫానియో, చీటీ చూపిస్తూ. "మా ఆవిడ కడిగింది. ఆవిడేం ఒట్టెయ్యలేదుగా."

"నా చేతా వేయించు వదినా," అంది భార్య రుఫీనా తలుపు చాటునుంచి. "రేపట్నుంచి మా అల్లుడు కడుగుతాడు."

దేవుడితో కూడా బేరమాడి ఇంత సందు మిగుల్చుకునే ఆ భక్తికి దొమితీలా ఒక దండం పెట్టి ఇంటిదారి పట్టింది.

మేసే పురుగు పోయాక పాచికి అడ్డెవరు? వారం తిరక్కుండా పాయ పచ్చటి గంజిలా చిక్కబడి, కుళ్లిన గుడ్డు కంపు కొట్టింది. ఆ నీళ్లే ఎపిఫానియో ముక్కుకు రుమాలు కట్టుకుని పూలమొక్కలకు తోడుకున్నాడు.

దొమితీలా తన ఇంటికీ అతని తోటకూ నడుమ, పాయ మూతి దగ్గర గుంజలు పాతి, బురద మెత్తడం మొదలుపెట్టింది. అతని పూలపడవ సంతకు పోయే దారి కూడా అదే.

"కట్ట వేస్తే నా పూలు ఎట్లా పోతాయి వదినా?"

"నెత్తిన పెట్టుకుపో."

"చచ్చిన పురుగుల కోసం ఇదంతానా?"

"అడుగు బురదలో వాటి గుడ్లుంటే పిల్లలు లేస్తాయి. లేవకపోతే నా ఖర్మ," అంది, మరో ముద్ద చరుస్తూ. "నీ డబ్బా నీళ్లు మాత్రం ఇక ఇటు రావు."