కుప్ప అడుగున ఎంబీఏ

ఆర్మూర్‌లో శ్రవణ్ అనే పేరున్నవాళ్లు పదిమందైనా ఉంటారు. ఎంబీఏ శ్రవణ్ మాత్రం ఒక్కడే. తండ్రి దేవన్నకు పసుపు అడ్తి దుకాణం ఉంది. రైతులు తెచ్చిన పసుపును దగ్గరుండి అమ్మించడం ఆయన పని. బస్తాల కుట్లు సరిగ్గా పడ్డాయో లేదో చూడటం శ్రవణ్ పని. అంతకుముందు ఆ పని ఏడో తరగతి చదివిన నడిపయ్య చేసేవాడు. రెండేళ్లు ఎంబీఏ చదివినందుకు నడిపయ్య కన్నా కాస్త నెమ్మదిగా చేయడం వచ్చిందని శ్రవణ్ తన మీద తనే జోకులేసుకుంటాడు.

దేవన్నకు ఆ జోకులు గిట్టవు. దుకాణం బోర్డు మీద తన పేరు కింద ‘శ్రవణ్, ఎంబీఏ’ అని రాయించి ఏటా రంగు వేయిస్తాడు. "హైదరాబాద్‌ల మంచి నౌకరి ఇడిశిపెట్టి నా కోసం వచ్చిండు మావోడు" అని వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చెబుతాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా శ్రవణ్‌కు బస్తాల వెనక ఏదో అర్జంటు పని గుర్తొస్తుంది.

కౌన్సెలింగ్ రోజులొస్తే మాత్రం అతనికి వైభోగమే. పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు వస్తారు, ఏ కాలేజీ మంచిదని అడుగుతారు. శ్రవణ్‌కు కుర్చీ పడుతుంది, చాయ్ వస్తుంది, లాప్‌టాప్ మీది దుమ్ము తుడుస్తారు. అందులో కాలేజీలన్నిటికీ మార్కులు వేసిన పట్టిక ఒకటుంది. ఫీజుకు పది, లైబ్రరీకి పది. అద్దాల బిల్డింగుకు, ఏసీకి, వైఫైకి కలిపి నలభై! అద్దాల బిల్డింగున్న కాలేజీ అందులో ఒక్కటే, అది తను చదివినది. దానికి మొదటి ర్యాంకు రాకపోతే తను ఏ ర్యాంకు మనిషో తేలిపోతుందని భయం. పట్టికలు గీయడం నేర్పిన కాలేజీకి పట్టికతోనే రుణం తీర్చుకుంటున్నానని సర్దిచెప్పుకునేవాడు.

ఈ ఏడు ముప్కాల్ నుంచి లక్ష్మీరాజం వచ్చాడు, కూతురు అంకితను తీసుకుని. తెచ్చిన పసుపును దుకాణం ముందు కుప్ప పోయించి లోపలికి వచ్చి కూర్చున్నాడు. అంకితకు డిచ్‌పల్లి యూనివర్సిటీలో ఎంబీఏ సీటొచ్చింది. సాయంత్రం ఐదు లోపల పోయి చేరకపోతే సీటు పోతుంది. అద్దాల కాలేజీవాళ్లేమో రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి మేనేజ్‌మెంట్ సీటు ఇస్తామంటున్నారు.

"నువ్వు గక్కడ్నే సదివినవు గద బిడ్డా. నువ్వెట్ల చెప్తె గట్ల" అన్నాడు లక్ష్మీరాజం. గల్లా దగ్గర కూర్చున్న దేవన్న మీసం సవరించుకున్నాడు.

శ్రవణ్ లాప్‌టాప్ తెరిచి మొదలుపెట్టాడు. "మా కాలేజీ టాపర్లు ఇప్పుడు బెంగళూరుల…"

"టాపర్ల ఫొటోలు వాళ్ల గోడకే ఉన్నయి అన్నా" అంది అంకిత. "మిగిలినోళ్లు ఏమైండ్రు? యూనివర్సిటీల పోయినేడు పాసైన తొమ్మిది మందికి ఫోన్ చేసిన. ఆరుగురికి జాబులున్నయి. ముగ్గురికి లేవు, లేవని వాళ్లే చెప్పిండ్రు. గా కాలేజీల సదివినోళ్లల్ల నాకు తెలిసినోనివి నువ్వొక్కనివే."

సరిగ్గా అప్పుడే బయట పసుపు కొనే ఖరీదుదారు గంగాదాస్ లక్ష్మీరాజం కుప్ప ముందు కూర్చున్నాడు. పైనున్న నున్నటి కొమ్ముల వైపు చూడనైనా చూడలేదు. మోచేతి దాకా చేయి దూర్చి అడుగు నుంచి ఒక కొమ్ము లాగి, విరిచి, లోపలి రంగు చూశాడు. లక్ష్మీరాజానికి కోపం రాలేదు. కుప్పలో చేయి పెట్టనివాడిని ఆర్మూర్‌లో ఎవరూ ఖరీదుదారు అనరు.

శ్రవణ్‌కు పన్నెండేళ్ల కిందటి సంగతి గుర్తొచ్చింది. ఇన్నేళ్ల వ్యాపారంలో అడుగు చూడకుండా మాట ఖాయం చేయని తన తండ్రి, ఆ కాలేజీకి ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాడు. గోడ మీద పన్నెండు ఫొటోలు చూసి, టై కట్టుకున్న సారుకు రెండు చేతులూ జోడించి ఫీజు కట్టేశాడు. క్లాసుకు నూట ఇరవై మంది. మిగతా నూట ఎనిమిది మంది ఏమయ్యారని అడగడానికి మొహమాటపడ్డాడు. జోడించిన చేతులు కుప్పలోకి ఎట్లా పోతాయి?

ఆ పట్టిక చూపించి అదే కాలేజీకి తను పంపిన ముఖేష్ కూడా గుర్తొచ్చాడు. ఇప్పుడు పెర్కిట్‌లో ఫోన్లకు గ్లాసులు అంటిస్తున్నాడు. కనబడితే "నమస్తే అన్నా" అంటాడు తప్ప ఒక్క మాటా అనడు. తిట్టినా బాగుండేదని శ్రవణ్‌కు ఎన్నోసార్లు అనిపించింది.

శ్రవణ్ లాప్‌టాప్ మూసేశాడు. తండ్రి వైపు చూస్తే నోరు పెగలదని అంకిత వైపే చూశాడు.

"గా కాలేజీ కుప్పల అడుగు కొమ్మంటె నేనే అంకితా. ఇరిశి చూస్కో. రెండేండ్లల్ల ఒక్క కంపెనీ నన్ను పిలువలే. హైదరాబాద్‌ల నౌకరి ఇడిశిపెట్టుడు కాదు, అసలు దొరకనే లేదు. ఆర్నెల్లు రూముల పండుకోని, పైసలైపోయినంక ఇంటికొచ్చిన. యూనివర్సిటీకే పో. అక్కడ జాబు రానోడు రాలేదని చెప్తుండు. నేను ఇన్నేండ్లు చెప్పలే."

లక్ష్మీరాజం దేవన్న వైపు చూడలేక బయట కుప్ప వైపు చూశాడు.

దేవన్నే గల్లా దగ్గర్నుంచి లేచాడు. బండి తాళాలు శ్రవణ్ చేతిలో పెట్టి, "రెండున్నరయింది. పిల్లను బస్టాండుల దించిరా పో" అన్నాడు. మొహం చూస్తే ఏమీ తెలియలేదు.

శ్రవణ్ అంకితను బస్సెక్కించి తిరిగొచ్చాడు. వచ్చేసరికి కుప్ప అమ్ముడుపోయింది, లక్ష్మీరాజం వెళ్లిపోయాడు. దేవన్న ఒక్కడే ఉన్నాడు.

"నౌకరి నిజంగ లేకుండెనా?"

"లేకుండె బాపు."

"ఊరంత చెప్పుకుంటి గదరా."

శ్రవణ్ సిగ్గుతో తల వంచుకుని నిలబడ్డాడు. దేవన్న గల్లా మూసి, "నాడు ఫీజు కట్టేటప్పుడు కుప్పల చెయ్యి పెట్టనోణ్ని నేను. నిన్నేమందు" అన్నాడు.

శ్రవణ్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "బోర్డు మీద గా ఎంబీఏ తీసేపిద్దాం బాపు" అన్నాడు.

దేవన్న బయటికొచ్చి బోర్డును ఎగాదిగా చూశాడు.

"ఉండనీ. ఇన్నేండ్లకు ఇయ్యాల్నే గద అది ఒకలకు పనికొచ్చింది" అన్నాడు.