శౌరమ్మ కప్పల గుంట

శౌరమ్మ మంచి మనిషని నేను రాయను. చల్లపల్లి అవతల మా పేటలో ఆవిడ నోటికి జడవని ఇల్లు లేదు. గుడిలో ఫాదర్ గారు శాంతి సమాధానాల గురించి ప్రసంగం చేస్తుంటే కూడా, తోడికోడలు అమలమ్మ వైపు కొరకొరా చూస్తూ కూర్చునేది.

అన్నదమ్ములు వేరుపడ్డాక రెండిళ్ళూ పక్కపక్కనే లేచాయి. ఇళ్ళ మెరకకు మట్టి తీసిన గుంట మాత్రం రెండు పెరళ్ళకూ ఉమ్మడిగా మిగిలింది. అందులో అమలమ్మ బాతులు ఈదేవి. వాటి అరుపు వింటేనే శౌరమ్మకు ఒళ్ళు మండేది.

ఆవిడ మొగుడు అంతోని కప్పలు పట్టేవాడు. డెబ్బైలలో కప్పకాళ్ళు ఓడలెక్కి విదేశాలకు పోయేవి. బెజవాడ వ్యాపారి మనిషి వచ్చి బోదురుకప్పలు ఏరుకుపోయేవాడు. వానాకాలంలో పొద్దుగూకగానే అంతోని గోనెసంచీ, లాంతరూ పట్టుకుని నాట్లు ఊడ్చిన చేలల్లో దిగేవాడు. ఒక ఏడు గట్టు మీద పాము కరిచింది. బతికాడు గానీ ఎడమకాలు సన్నబడిపోయింది. పుండు మానీ మానకముందే మళ్ళీ సంచీ దులిపాడు. శౌరమ్మ ఏడవలేదు, ఆ విద్య ఆవిడకు రాదు. వచ్చే తొలకరికి గుంటలోనే కప్పలు పెంచుతానంది. పెరట్లోనే కప్పలుంటే మొగుడు చేలో కాలు పెట్టనక్కర్లేదని ఆవిడ ఆశ. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకు వ్యాపారమని చెప్పింది. కప్ప సంచీకెక్కేంత పెరగాలంటే ఏడాది పైనే పడుతుందని ఆవిడకెవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదు.

గుంట మధ్య మట్టికట్ట వేసింది. బాతులు దాటకుండా దాని మీద ముళ్ళకంప పరిచింది. తొలి వానకు బోదురుకప్పలు పచ్చటి పసుపు రంగు తిరిగి, గొంతులు చించుకుని అరిచి, గుడ్లు పెట్టాయి. కొద్ది రోజులకే గుంట నిండా తోకకప్పలు. అందులో రెండు రకాలు. ఎవరూ కొనని గోండ్రుకప్ప పిల్లలు నల్లగా మందలు కట్టి తిరిగేవి. బోదురుకప్ప పిల్లలు మట్టిరంగులో, అడుగున దేనికది విడిగా ఉండేవి. శౌరమ్మ తవుడు చల్లితే నల్లవి నీళ్ళు కనబడకుండా మూగేవి. మట్టిరంగువి పైకే వచ్చేవి కావు. తన కప్పల నోటి కూడు ఈ నల్లవి లాక్కుంటున్నాయని ఆవిడకు కసి పుట్టింది. జల్లెడ తెచ్చి నల్లవాటిని దేవి, కట్ట అవతల అమలమ్మ వైపు విసిరింది. విసిరి ఊరుకోలేదు.

"తిండికి తప్ప దేనికీ పనికిరానియ్యి మీ వైపే ఉండాల," అని కట్ట మీంచి అరిచింది.

బాతులు పండగ చేసుకున్నాయి.

నల్లవి పోయాయి. ఇక తనవి నవనవలాడుతూ పెరుగుతాయనుకుంటే, పూటపూటకూ తగ్గిపోతున్నాయి. శౌరమ్మ అనుమానం ఎవరి మీదికి పోతుందో వేరే చెప్పాలా? దొంగతనంగా బాతులను వదులుతోందంటూ అమలమ్మ గుమ్మం ముందు శాపనార్థాలు పెట్టింది. ఆదివారం గుడి వాకిట్లో అందరూ చూస్తుండగా కొంగు పట్టి లాగింది. విడదీయబోయిన నన్నూ కలిపి తిట్టింది. తర్వాత గుంట ఒడ్డున పీట వేసుకుని కాపలా కూర్చుంది.

అప్పుడు కంటబడింది. ఒక బోదురుపిల్ల తోటిదాన్ని తోక దగ్గర కరిచి పట్టుకుంది. ఈడ్చుకుంటూ తింటోంది. తవుడుతో బతికే జాతి కాదది. ఆ నల్లమందే దాని తిండి. ఆ తిండిని శౌరమ్మే జల్లెడతో తోడి పారబోసింది. ఇక వాటికి మిగిలింది తోబుట్టువులే.

ఉన్న నాలుగైనా దక్కాలంటే నల్లవి కావాలి. శౌరమ్మ జల్లెడ పట్టుకుని అమలమ్మ గుమ్మం ముందుకెళ్ళి తల వంచుకుని నిలబడింది.

"అక్కా, ఆ నల్లయ్యి కాసిని పట్టుకుంటా. ఆయన్ని మళ్ళీ చేలోకి పంపలేనక్కా," అంది.

అమలమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ తల ఎత్తలేదు. "అంతోని నా చేతుల మీద పెరిగినోడే. ఈ ముక్క మొదట్లో చెప్పుంటే బాతుల్ని గంప కింద మూసేదాన్ని. ఇప్పుడేముంది, అన్నీ తినేసినయ్యి. పో," అంది.

ఆ సాయంత్రం అంతోని సంచీ భుజాన వేసుకున్నాడు. శౌరమ్మ అతని చేతిలో లాంతరు లాక్కుని చేలగట్టు ఎక్కింది. అతను తిడుతున్నా వెనక్కి రాలేదు. అమలమ్మతో ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు, కట్టా తీయలేదు. కప్పల బేరం సాగినన్నేళ్ళూ మొగుడికి ముందే నడిచింది. పాము మీద అడుగు పడేటట్టయితే ముందు తనదే పడాలని, పడగానే వట్టికాలికి తెలిసిపోవాలని చెప్పులు ఇంటి దగ్గరే విడిచి వెళ్ళేది.