మూడు బంతుల డబ్బా

కొత్తగూడెంలో ముప్పై ఏళ్లు బొగ్గు తవ్విన మా నాన్నకు కిందటేడు ఖమ్మంలో కడుపుకు ఆపరేషన్ అయింది. ఇంటికి పంపే రోజు నర్సు ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది. అందులో మూడు బంతులు, పక్కన ఒక గొట్టం. ఊపిరితిత్తుల్లో కఫం చేరకుండా దాన్ని ఎలా వాడాలో చెప్పింది. నేను ఫోన్‌లో మాట్లాడుతూనే తలూపాను. ఆమె ఇచ్చిన కాగితాన్ని ఎక్స్‌రే కవర్లో పడేశాను. టీచర్ని కదా, నాకు ఇంకొకరు చెప్పాలా?

ఇంటికొచ్చాక గొట్టం నాన్న నోట్లో పెట్టి ఊదమన్నాను. కుట్ల మీద దిండు అదుముకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా ఊదేవాడు. ఒక్క బంతీ కదిలేది కాదు.

"అంత బొగ్గు తవ్వినోడివి, ఇంత బంతి లేపలేవా నాయినా? నీకు బాగుపడాలని లేదు."

పది రోజులు రోజూ ఇదే తిట్టు. చూడటానికి వచ్చిన చుట్టాల ముందు కూడా.

పదకొండో రోజు జ్వరం, దగ్గు పట్టుకుని మళ్లీ దవాఖానాకు పోయాం. డబ్బా ఎలా వాడుతున్నాడో చూపించమంటే నాన్న ఊదడం చూసి డాక్టర్ మండిపడ్డాడు.

"గాలి లోపలికి పీల్చాలె! ఊదమని ఎవరు చెప్పిండ్రు?"

నాన్న ఆయాసపడుతూనే జవాబిచ్చాడు. "నాకే సక్కగ ఇనపడలే సారూ. బిడ్డ మంచిగనే చెప్పింది."

డాక్టర్ నా వైపు తిరిగాడు. "ఈ వయసులో గిట్లనే ఉంటరమ్మా. మీరే జర ఓపిక పట్టాలె."

"అవ్ సార్," అన్నాను.