మా జర్మన్ టీచర్‌ని పరాయిదన్నవాళ్లకి

నిన్న పొద్దున ల్యాబ్‌లో డ్యూటీలో ఉండగా లక్ష్మి ఫోన్ చేసింది. పదో తరగతి దాకా నా పక్కనే కూర్చున్న లక్ష్మి.

"ఒసే, జర్మన్ టీచర్ పోనాదే. నిద్దట్లోనే పోనాదట."

చేతిలో శాంపిల్స్ ట్రే పక్కనున్న అమ్మాయికిచ్చి సెలవు చీటీ రాశాను.

మొన్న ఆదివారమే చర్చి బయట నా భుజం మీద ఒక్కటేసి, "ఏటే, ఇలగ సిక్కిపోనావు?" అని తిట్టింది. ఆ మనిషి లేదంటే ఎలా నమ్మను?

విజయనగరం నుంచి బస్సులో ఏడుస్తూనే వెళ్లాను. ఊరి మొదట్లో దిగగానే ఏడుపు ఆగిపోయింది.

ఫ్లెక్సీ.

"మా ఊరి తల్లికి కన్నీటి వీడ్కోలు" అట. కింద వరసగా ఫొటోలు. ఆవిడని అయిదేళ్లు కాల్చుకు తిన్న వాళ్లవే అన్నీ. ఆవిడ ఫొటో కంటే పెద్దవి.

అందుకే రాస్తున్నాను. ఆవిడెవరో తెలియని ఫ్రెండ్స్ కోసం.

ఆవిడ పేరు ఉర్సులా. జర్మనీలో పుట్టింది. మా ఊరి ప్రకాశం మాస్టారిని పెళ్లి చేసుకుని గజపతినగరం పక్కనున్న మా పల్లెకి కోడలిగా వచ్చింది. ఇండియన్ సిటిజన్‌షిప్ తీసుకుంది. ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పింది. మాకు జర్మన్ ముక్క ఒక్కటీ నేర్పలేదు. తెలుగు మాత్రం అత్తగారి దగ్గర నేర్చుకుంది కాబట్టి అచ్చం మా అమ్మమ్మలాగే మాట్లాడేది.

ఏడో క్లాసు అయ్యాక మా నాన్న నన్ను బడి మానిపించి జీడితోట పనికి పంపాడు. మర్నాడే టీచర్ సైకిలేసుకుని వచ్చి మా అరుగు మీద కూర్చుంది.

"పిల్లని పంపినంత వరకు నాను ఇక్కడే కూకుంటాను. ఆకలేస్తన్నాది, ఏటున్నాది ఇంట్లో?"

అమ్మ చోడి అంబలి ఇచ్చింది. తాగి, మళ్లీ పోయించుకుంది. కదల్లేదు. సాయంత్రానికి నాన్నే నా పుస్తకాల సంచి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

నేను ఇవాళ ల్యాబ్ టెక్నీషియన్‌ని. అంతే చెప్తాను.

రిటైరయ్యాక కూడా బడి వదల్లేదు. ఆడపిల్లల బాత్‌రూములకి తలుపుల్లేవని అప్పటి సర్పంచ్ చుట్టూ తిరిగి తిరిగి, ఆఖరికి తనే ఎలక్షన్‌లో నిలబడింది. ఊరి పెద్దాయన తన భార్యని నిలబెట్టాడు. పేరు రాయను. ఊళ్లో వాళ్లకి చెప్పక్కర్లేదు.

ఆయన మనుషులు ఆటోకి మైకు కట్టుకుని వీధి వీధీ తిరిగారు. "పరాయి దేశం దానికి ఓటేస్తారా?" అని.

టీచర్ ఆ ఆటోకి అడ్డంగా నిలబడింది.

"మంచాన పడ్డ మా అత్తకి పక్క మార్సిన సేతులురా ఇవి. ఏ దేశం సేతులో సూసి సెప్పండి."

గెలిచింది. తలుపులు వచ్చాయి. బడికి నీళ్ల కుళాయి వచ్చింది.

అప్పుడు మొదలైంది అసలు కక్ష. మెయిన్ రోడ్డు వైపున్న స్కూల్ గ్రౌండ్‌లో షాపులు కట్టాలని పెద్దాయన ప్లాను. టీచర్ ఒప్పుకోలేదు. వెంటనే ఆవిడ విదేశీయురాలని కంప్లైంట్, నిధులు తినేసిందని ఇంకో కంప్లైంట్. సర్పంచ్‌గా పంచాయతీ చెక్కుల మీద సంతకం పెట్టే చెక్ పవర్ తీసేశారు. మోకాళ్ల నొప్పులతో ఉన్న మనిషిని ఎంక్వయిరీ అంటూ ఆఫీసుల వరండాల్లో గంటలు గంటలు నిలబెట్టారు. కుర్చీ వెయ్యడానికి ఒక్కడికీ చెయ్యి రాలేదు.

ఏమీ దొరకలేదు. దొరకడానికి ఉంటే కదా!

ఎంక్వయిరీ తేలకముందే గ్రౌండ్‌లోకి జేసీబీ వచ్చింది. టీచర్ క్లాసులోంచి బ్లాక్‌బోర్డు బయటికి మోయించి, జేసీబీ ముందే పెట్టి, గొడుగు వేసుకుని పదో తరగతికి లెక్కలు మొదలెట్టింది. డ్రైవర్ మా సీనియర్ అప్పన్న.

"టీచరమ్మా, లెగండి. నా పని పోతాది."

"ముందు ఇంజిన్ ఆపు. ఈ లెక్క నీకు అప్పుడూ రాలేదు. ఇలగొచ్చి కూకో."

అప్పన్న ఇంజిన్ ఆపేశాడు. నిజంగానే వచ్చి పిల్లల వెనక కూర్చున్నాడు. ఊళ్లో ఆడవాళ్లంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఆ జేసీబీ మళ్లీ గ్రౌండ్‌లోకి రాలేదు. కొన్నాళ్లకి చెక్ పవరూ తిరిగిచ్చారు. సారీ మాత్రం ఎవడూ చెప్పలేదు.

నిన్న సాయంత్రం సమాధి దగ్గర అదే పెద్దాయన మైకు తీసుకున్నాడు. "ఉర్సులమ్మ గారు మన మట్టి బిడ్డ..." అని ఎత్తుకున్నాడు.

లక్ష్మి లేచింది.

"బతికున్నన్నాళ్లూ పరాయిదన్నారు గదా బాబూ. సచ్చీసినాక మనదైపోనాదేటి? మైకు అక్కడెట్టీసి ఎల్లండి."

ఎవరూ లక్ష్మిని ఆపలేదు. పాస్టర్ గారు కూడా. పెద్దాయన మైకు పెట్టేసి కారెక్కాడు.

నాకు చాల్లేదు. నా కడుపు మంట చల్లారలేదు. ఆ వరండాల్లో ఆవిడ నిలబడ్డ గంటలు ఎవడిస్తాడు వెనక్కి?

వెళ్లండి టీచర్. హాయిగా, ఎవరూ సంజాయిషీ అడగని చోట పడుకోండి. మీ ఆత్మకి శాంతి దొరకాలి.

మాకు మాత్రం ఆ శాంతి ఇప్పుడే వద్దు. మీరు లేరని తెలిసి ఆ జేసీబీ మళ్లీ వస్తుంది. గ్రౌండ్ దగ్గర పనుంది.